మీ ఇంటికి విలువ కట్టేదెవరు? వాల్యూయర్‌కి ఫీజు ఇచ్చే ముందు ఇది చదవండి

మొన్న సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గరికి కూర్మన్నపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి కాగితాల కట్టతో వచ్చారు. 1990ల్లో కొన్న ఇల్లు అమ్మారు. పన్ను లెక్క కోసం వాల్యుయేషన్ రిపోర్టు తెచ్చుకుంటే, ఇది పనికిరాదని ఆడిటర్ చెప్పేశారట. రిపోర్టు రాసినాయన ఒక బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నారు గానీ, ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు కాలేదు. ఫీజు పోయింది, రిటర్ను గడువు దగ్గరపడింది.

"గవర్నమెంటు అప్రూవ్డ్ వాల్యూయర్" అని బోర్డు ఉంటే సరిపోదు. ఏ పనికి అప్రూవ్డ్ అని అడగాలి.

ఆదాయపు పన్ను పనికి: ఈ నమోదు 1957 నాటి సంపద పన్ను చట్టం 34ఏబీ సెక్షన్‌తో వచ్చింది. సంపద పన్ను పోయినా వాల్యూయర్ల నమోదు పోలేదు. స్థిరాస్తికైతే సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్ డిగ్రీ, పదేళ్ల అనుభవం కావాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇల్లు అమ్మితే, ఆ తేదీ నాటి మార్కెట్ విలువనే కొన్న ధరగా చూపొచ్చు. అయితే అది ఆ రోజు నాటి స్టాంపు డ్యూటీ విలువను దాటకూడదు. అందుకే ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి విలువ అడిగి తెచ్చుకోండి. ఇది తెలియక రిపోర్టులో పెద్ద అంకె వేయించుకునేవాళ్లే ఎక్కువ.

కంపెనీల చట్టం, దివాలా కేసుల పనికి: ఇక్కడ ఐబీబీఐ నమోదు ఉండాలి. 2017 నిబంధనల ప్రకారం భూమి-భవనాలు, ప్లాంటు-యంత్రాలు, షేర్లు-ఆర్థిక ఆస్తులు అని మూడు తరగతులు. భూమి-భవనాలకు పైన చెప్పిన డిగ్రీల్లో ఒకటి, ఐదేళ్ల అనుభవం ఉండాలి. పీజీ చేసినవారికి మూడేళ్లు చాలు. గుర్తింపు పొందిన వాల్యూయర్ల సంస్థలో సభ్యత్వం, 50 గంటల కోర్సు, ఆపైన కంప్యూటర్ పరీక్షలో 60 శాతం మార్కులు తప్పనిసరి. మన జిల్లాలో సివిల్ చదివి సైట్లలో పనిచేస్తున్న పిల్లలు ఈ దారి ఒకసారి చూడాలి. దరఖాస్తు ఫీజు రూ.5,000, పన్ను అదనం. పరీక్ష పాసయ్యాక మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవాలి.

బ్యాంకు లోనుకి: ఏ బ్యాంకు ప్యానెల్ ఆ బ్యాంకుదే. అనుభవాన్ని బట్టి ఏ, బీ, సీ వర్గాలు పెట్టి, ఎవరు ఎంత విలువ వరకు చూడాలో బ్యాంకులే నిర్ణయిస్తాయి. కాబట్టి వాల్యూయర్‌ని మీరు వెతుక్కోకండి. బ్రాంచిలో అడిగితే వాళ్లే పేరు చెబుతారు.

ఇంకో మాట. వాల్యూయర్ విలువ చెబుతారు, హక్కు తేల్చరు. 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరుకి ఎంత మంచి రిపోర్టు తెచ్చినా రిజిస్ట్రేషన్ అవ్వదు. సింహాచలం పంచగ్రామాల వాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

"విలువ పెంచి రాస్తా, లోను వచ్చాక ఇంత శాతం ఇవ్వండి" అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఐబీబీఐ వాల్యూయర్ల ప్రవర్తనా నియమావళిలో ఇలాంటి సక్సెస్ ఫీజుకి నిషేధం ఉంది. నమోదు నంబరు అడిగి రాసుకోండి. ఐబీబీఐ వాళ్లదైతే "ఐబీబీఐ/ఆర్‌వీ" అని మొదలవుతుంది, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. పన్ను పనికైతే, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన నమోదు ఉత్తర్వు కాపీ చూపించమని అడిగి, దాన్ని మీ ఆడిటర్‌కి వాట్సాప్‌లో పంపండి. ఆయన సరే అన్నాకే అడ్వాన్సు ఇవ్వండి.