మధ్యవాడే తప్పించుకుంటాడు

"సార్, ఎయిర్ ప్యూరిఫయర్ అట్టపెట్టె మీద 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పడుతుందని రాశారు. మరి అంతకన్నా చిన్నవి దూరిపోతాయి కదా?" అని క్లాసులో ఓ అమ్మాయి అడిగింది. దుమ్ము పడని పిల్ల. ఇంట్లోవాళ్లు కొత్తగా కొన్నారట. ఆ మిషన్లు అమ్మేవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నకి నీళ్లు నములుతారు.

దూరిపోవు. అంతకన్నా బాగా చిన్న కణాల్ని ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టరు ఇంకా తేలిగ్గా పట్టేస్తుంది.

దాన్ని జల్లెడ అనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా. జల్లెడలో కన్నం కన్నా పెద్దది ఆగుతుంది, చిన్నది జారుతుంది. హెపా కాగితంలో సన్నని పోగులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వాటి మధ్య సందులు అది పట్టే చిన్న కణాల కన్నా చాలా పెద్దవి. అయినా పడుతుంది!

గాలి పోగుని చుట్టి పక్కకి తిరుగుతుంది. దానితోపాటు వస్తున్న పుప్పొడి రేణువు బరువైనది, మలుపు తిరగలేదు. జడత్వం కొద్దీ నేరుగా వెళ్లి పోగుకి కొట్టుకుని అతుక్కుపోతుంది. కాస్త చిన్న కణం గాలితోపాటే మలుపు తిరుగుతుంది కానీ, పోగుని ఒరుసుకుంటూ పోతే దాని ఒళ్లు తగులుకుంటుంది. మరీ చిన్నదాన్ని గాలి అణువులు అన్ని వైపుల నుంచీ తోస్తుంటాయి. బ్రౌనియన్ చలనం అంటే అదే. తిన్నగా నడవలేక, ఎటో ఓ పోగు మీద పడుతుంది. ఇంత చిన్నవాటికి తాకడమంటే అతుక్కోవడమే, విడిపించుకునే బలం వాటికి లేదు.

ఇక మధ్యలో ఉన్నాడే, ఆ 0.3 వాడు! గుద్దుకునేంత బరువు లేదు, తూలిపోయేంత తేలికా కాదు. తప్పించుకునే అవకాశం ఎక్కువ ఉన్నది వాడికే. అందుకే పరీక్ష వాడితో పెడతారు. వాణ్ణి పట్టగలిగితే అటువాళ్లనీ ఇటువాళ్లనీ ఇంకా బాగా పట్టినట్టే.

ఇలా ఓ నడిమి సైజు ఉంటుందని లెక్కగట్టినవాడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. 1932లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఈ అమెరికన్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పొగ మీద పనిచేశాడు. జడత్వాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు, తర్వాతివాళ్లు కలిపారు. అయినా, కంటికి కనిపించని కణం ఎక్కడ జారిపోతుందో కాగితం మీదే పసిగట్టడం నాకు ఫిల్టరు కన్నా గొప్పగా అనిపిస్తుంది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. జర్మన్ గ్యాస్ మాస్కుల్లో దొరికిన కాగితం చూసి అమెరికన్లు అలాంటిది తయారుచేశారు. అణుబాంబు పనిలో రేడియోధార్మిక ధూళి బయటికి పోకుండా వాడారు. ఆ కాగితంలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తుల్ని కాపాడే కాగితంలో ఊపిరితిత్తుల శత్రువు! గాజు పోగు తర్వాత వచ్చింది. అక్కణ్ణించి చిప్‌ల ఫ్యాక్టరీలు, ఆపరేషన్ థియేటర్లు, చివరికి మన పడకగది.

పడకగదిలో దీని బలమెంతో, బలహీనతా అంతే. ఇంటి దుమ్ములో అలర్జీకి పెద్ద కారణం డస్ట్ మైట్లనే, కంటికి ఆనని పురుగుల విసర్జన. అవి ఉండేది దిండ్లలో, పరుపుల్లో. ఆ రేణువు సుమారు 20 మైక్రాన్లు. గాల్లోకి లేచినా కొద్ది నిమిషాల్లో కింద పడుతుంది. మూలన పెట్టిన మిషన్ దాకా అది చాలావరకు రాదు. దానికి మందు పరుపుకీ దిండ్లకీ నేత దగ్గరగా ఉన్న తొడుగులు, 60 డిగ్రీల వేడినీళ్లలో దుప్పట్లు ఉతకడం. పిల్లి వల్ల వచ్చే అలర్జీ కణాల్లో కొంత భాగం ఇంకా చిన్నవి, గంటల తరబడి తేలుతాయి. వాటి దగ్గర హెపా పనికొస్తుంది. వయ్యారిభామ కలుపు పూసి పుప్పొడి లేచే రోజుల్లో మాత్రం ముందు కిటికీ మూయాలి. అగరుబత్తి, దోమల చుట్ట పొగలో కణాల్ని హెపా పడుతుంది కానీ వాసననీ వాయువుల్నీ పట్టదు. వాటికి కార్బన్ పొర వేరే కావాలి. వెలిగించకపోవడం అన్నిటికన్నా చవక.

ఫిల్టరు కాగితానికి మడతలు ఎందుకో కూడా చెప్పాలి. మడతలతో కాగితం విస్తీర్ణం పెరిగితే ఒక్కో చోట గాలి నెమ్మదిగా పోతుంది, చిన్న కణాలకి తూలి తగులుకునే వ్యవధి దొరుకుతుంది. అలాగని ఫ్యాన్ స్పీడు తగ్గించి కూర్చోకండి. గంటకి ఎంత గాలి శుభ్రపడింది అన్నదే గదికి లెక్క.

నల్లబడిందని ఫిల్టరుని కుళాయి కింద పెట్టేవాళ్లున్నారు. ఇళ్లకొచ్చే వాటిలో చాలావరకు గాజువి కావు, విద్యుదావేశం ఎక్కించిన ప్లాస్టిక్ పోగులు. నీళ్లు తగిలితే ఆవేశం తగ్గొచ్చు, పోగుల అల్లికా చెదరొచ్చు. కడగొచ్చని కంపెనీ రాస్తే తప్ప కడక్కండి, మార్చేయండి.