వాట్ల కన్నా ముందు కొలతలు చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో జిరాక్స్, డీటీపీ షాపుల బల్లల కింద ఇప్పుడు డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డబ్బాలు కనిపిస్తున్నాయి. ఆఫీసుల్లో పని తీరాక సెకండ్‌హ్యాండ్‌లో దిగిన మెషీన్లు ఇవి. గట్టివే. చిక్కల్లా పవర్ సప్లై కాలిపోయిన రోజున వస్తుంది. ‘ఎస్ఎంపీఎస్ పోయింది సార్, 450 వాట్లది ఏస్త’ అంటాడు మెకానిక్. పాతది 255 వాట్లది కాబట్టి 450 అనగానే మనకూ సంబరమే. నిజానికి అన్నిటికన్నా చివర చూడాల్సిన అంకె అది.

మొదట టేపు పట్టాలి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో సప్లై వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86, లోతు మామూలుగా 140. బజార్లో ‘మామూలు ఎస్ఎంపీఎస్’ అని అడిగితే ఇచ్చేది ఇదే. సన్నటి డబ్బాల కోసం వచ్చిన టీఎఫ్ఎక్స్ 85 వెడల్పు, 65 ఎత్తు, 175 పొడవు ఉంటుంది. ఎస్ఎఫ్ఎక్స్ అయితే 125, 63.5, 100. ఒకే పేరున్న మోడల్లోనూ ఈ తేడా ఉంటుంది. ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో ఉండేది 290 వాట్ల సప్లై. దాని చోటులో ఏటీఎక్స్ సైజుది నాలుగు స్క్రూలతో కూర్చుంటుంది. అదే 9020 చిన్న డబ్బాలో ఉండేది 255 వాట్లది, దాని ఆకారమే వేరు. ఏటీఎక్స్ అందులో పట్టదు.

పట్టకపోతే మూత తీసేసి, ఎస్ఎంపీఎస్‌ను డబ్బా మీద పెట్టి నడిపించడం చాలాచోట్ల అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. సిరిసిల్లలో మరమగ్గాల నూలు దూది గాలిలోనే తేలుతుంటుంది. తెరిచిన డబ్బాలో అది ఫ్యాన్లకూ హీట్‌సింక్‌కూ చుట్టుకుంటుంది. బయట వేలాడే కేబుళ్లకు ఎలుకల బెడద ఉండనే ఉంది.

సైజు కుదిరాక పిన్నులు లెక్కపెట్టాలి. మామూలు ఏటీఎక్స్ ప్రధాన ప్లగ్గుకు 24 పిన్నులు. 9020 బోర్డుకు 8, థింక్‌సెంటర్ ఎం73కి 14, ఎలైట్‌డెస్క్ 800 జీ1కి 6. ఈ తేడాకు కారణం ఉంది. 24 పిన్నుల సప్లై 3.3, 5, 12 వోల్టులను విడివిడిగా పంపుతుంది. ఇలాంటి కంపెనీ బోర్డులు ప్రధానంగా 12 వోల్టులు తీసుకుని, తక్కువ వోల్టులను తామే తయారుచేసుకుంటాయి. ఇంటెల్ 10 పిన్నుల ఏటీఎక్స్12వీఓ పద్ధతిదీ ఇదే దారి.

అందుకే 24 నుంచి 8కి, 24 నుంచి 14కు మార్చే అడాప్టర్ కేబుళ్లు అమ్ముతారు. వాటితో పని జరుగుతుంది, అయితే ఒక మెలిక ఉంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బోర్డుకు అందే స్టాండ్‌బై కరెంటు ఏటీఎక్స్ ఊదారంగు వైరులో 5 వోల్టులు. కొన్ని బోర్డులకు అక్కడా 12 కావాలి. అలాంటప్పుడు ఉత్త వైర్ల అడాప్టర్ సరిపోదు, వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ అందులో ఉండాలి. కొనేటప్పుడు మీ బోర్డు మోడల్ పేరు చెప్పి అడగండి. ప్లగ్గు దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 1990ల చివర్లో కొన్ని డెల్ మెషీన్లలో ప్లగ్గు చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్‌లాగే ఉండేది, లోపల వైర్ల వరుస వేరు. మామూలు సప్లై తగిలిస్తే బోర్డు కాలిపోయేది.

ఇక వాట్లు. స్టిక్కర్ మీద పెద్దగా 450 అని ఉన్నా, కింది పట్టికలో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అక్కడ 14 ఉంటే 12×14, అంటే 168 వాట్లే. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా అందేది అదే. ఐ5-4590 ప్రాసెసర్ 84 వాట్లది. జీటీఎక్స్ 1050 టీఐ కార్డు 75 వాట్లది. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకుంటే మొత్తం 209. నిజాయతీగా ఇచ్చే 290 వాట్ల సప్లైకి అది బరువు కాదు. 168 దగ్గర ఆగిపోయే ‘450’ మాత్రం దాన్ని మోయలేదు.

మన ఊళ్ల కరెంటు సంగతీ చూసుకోవాలి. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సంఘం సెస్ సరఫరా చేస్తుంది, జగిత్యాల, కోరుట్లలకు ఉత్తర డిస్కమ్. సరఫరా ఎవరిదైనా, మోటారు స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలుకు 5 నుంచి 7 రెట్లు, అప్పుడు లైన్లో వోల్టేజీ కుంగుతుంది. మంచి సప్లై కరెంటు పోయాక నిండు లోడు మీద కూడా 16 మిల్లీసెకన్ల దాకా నిలబెడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తే 20 మిల్లీసెకన్లు, అంటే అంతసేపు కూడా ఆగదు. అందుకే ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే స్విచ్చి త్వరగా మారే యూపీఎస్ మోడ్‌లోనే ఉంచండి.

బిగించే ముందు ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా. ఏటీఎక్స్ సప్లై 140 మిల్లీమీటర్లకు బదులు 160 లోతుది కొంటే కేబుళ్లు డీవీడీ డ్రైవుకు తగులుతాయి, వంగడానికి ఒక అంగుళమైనా వదలాలి. మొదటిసారి ఆన్ చేశాక పసుపు వైరు మీద మల్టీమీటర్ 11.4కీ 12.6కీ మధ్య చూపాలి.

నా మాట ఇది: టవర్ అయితే మంచి ఏటీఎక్స్, సరైన అడాప్టర్ వేయించండి. చిన్న డబ్బా అయితే అదే పార్ట్ నంబరున్న సప్లైనే వెతకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మనిషిని పంపేముందు పాత సప్లై లేబుల్‌నూ, ప్రతి ప్లగ్గునూ ఫోన్లో ఫొటో తీసి పంపండి. డెల్‌లో డీపీ/ఎన్, లెనోవోలో ఎఫ్ఆర్‌యూ, హెచ్‌పీలో స్పేర్ అనే మాట పక్కన ఉండే అంకె స్పష్టంగా కనపడాలి.