కాలిన జుట్టు ఎందుకు కోలుకోదు?

ఏళ్ల తరబడి స్ట్రెయిట్‌నర్ పెట్టిన జుట్టు కొసను వెలుతురులో పట్టి చూడండి. రెండుగా చీలి, గరుకుగా ఉంటుంది. వెంట్రుకలో ఎక్కువ భాగం కెరటిన్ అనే ప్రోటీన్. పైన చేప పొలుసుల్లాంటి పొర. 200 డిగ్రీల వేడికి ఆ పొలుసులు పగిలి, లోపలి కెరటిన్ దెబ్బతింటుంది. తడి జుట్టయితే మరీ ప్రమాదం: లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలుండవు కాబట్టి ఏ నూనె అయినా ఆ చీలికను శాశ్వతంగా అతికించలేదు. కొబ్బరినూనె మేలు వేరు: తలస్నానానికి ముందు రాస్తే ప్రోటీన్ నష్టం తగ్గుతుంది.

మరి దారేమిటి? కుదురు బతికే ఉంది కదా! అక్కడినుంచి నెలకు సుమారు 1 సెంటీమీటరు కొత్త జుట్టు వస్తుంది. వేడి మానేసి, పాడైన కొసలను కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోవాలి. నడుం దాకా పెరగాలంటే ఏళ్లు పడుతుంది. చిక్కు తీసేటప్పుడు వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి రండి.