నేతగాని కష్టమును, న్యాయమైన వెలయును



శ్రీరామనవమి దినములలో భద్రాచలము చేరిన యాత్రికులు అంగళ్లలో చీరలు విప్పించి చూచి, ధర తగ్గింపుమని బేరమాడుట మీరెల్లరు ఎరుగుదురు. తగ్గిన ఆ రూపాయలు ఎవరి కూలినుండి తరిగినవని యడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుదము.

మన ఖమ్మమునకును హైదరాబాదునకును నడుమ పోచంపల్లి యను నేతగ్రామము కలదు. అచ్చట నూలును ముందుగనే కొలిచి, చిటికి కట్టి, రంగులో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కింతురు. కట్టినచోట రంగు అంటదు గనుక చిత్రము నేతకు ముందే నూలులో నిలుచును. ఒక చీరకు ఆసు పోయుటయందే చేతిని సుమారు 9,000 మారులు త్రిప్పవలెను. ఈ పనిచే తన తల్లి పడు బాధను చూచి చింతకింది మల్లేశము 1999లో ఆసు యంత్రమును కనుగొనెను. 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను.

యంత్రము భుజమునొప్పిని తగ్గించినది, అప్పును తగ్గింపజాలదు. నూలు, రంగులు ముందు కొనవలెను; చీర అమ్ముడగువరకు ఇల్లు గడవవలెను. చేత సొమ్ము లేనివాడు షావుకారునొద్ద అప్పు తెచ్చి, అతడు చెప్పిన ధరకే చీర నీయవలసివచ్చును.

న్యాయవ్యాపార మీ ముడిని విప్పజూచును. మొదటిది, నూలువెలయు పనిదినములును లెక్కించి, నేతగానితో మాటాడియే ధర నిర్ణయింతురు. రెండవది, అతడు కోరినచో సగము సొమ్మైనను వడ్డీ లేక ముందుగా నిత్తురు. మూడవది, పిల్లల చదువు చెడునట్లు వారిచే పని చేయింపరు. ఇది భిక్షము కాదు. నేతగాడును మంచి సరకును గడువునకు ఈయవలెను. 1946లో అమెరికాదేశపు మెనొనైటు స్త్రీ ఎడ్నా రూత్ బైలరు ప్యూర్టోరికో దీవిలోని బీదస్త్రీల కుట్టుపనిని కొని, తన దేశమున అమ్మనారంభించెను. నేటి న్యాయవ్యాపారమునకు అది తొలిమెట్లలో నొకటి.

అయినను కొనువాడు మోసపోయినచో ఈ యేర్పాటంతయు వ్యర్థమగును. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళికగుర్తింపు లభించినను, ఆ చిత్రములను అద్దిన బట్టలు చౌకగా అమ్ముడగుచునే యున్నవి. కావున కొనునపుడు బట్టను తిరుగవేసి చూడుడు. అద్దకపు బట్టకు వెనుకవైపు రంగు వెలవెలబోవును. చిటికినేతకు రెండువైపులను రంగు సమముగ నుండి, చిత్రపు అంచులు ఇంచుక చెదరినట్లు కనబడును. ఆ చెదరుటయే చేతిపనికి సాక్ష్యము.

తలిదండ్రులారా, ఏటికొక్క బట్టనైనను ఇట్లు పరీక్షించి, తగిన వెలకు కొనుడు. ఆ వెలతోనే నేతగాని బిడ్డయు మన బిడ్డలవలె పలక పట్టగలడు.