గాజు గొట్టం మీదే కన్ను!

కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. స్టవ్ కట్టేశారు. మరి పొరపాటున నీళ్లు పోయకుండా పొయ్యి ఎక్కిస్తే? విజిల్ రాదు. నీళ్లుంటేనే కదా ఆవిరి! మాడు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. గాస్కెట్ కాలి, సేఫ్టీ వాల్వ్ కరిగి, అక్కడితో పోతుంది. అదే వేల లీటర్ల నీళ్లు పట్టే బాయిలర్ అయితే?

శ్రీసత్యసాయి జిల్లాలో ఆవిరితో పని చాలానే ఉంది. హిందూపురం మార్కెట్లో కొన్న పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికిస్తేనే జిగురు మెత్తబడి పోగు ఊడి వస్తుంది. చిన్నవాళ్లు కట్టెల పొయ్యితో సరిపెట్టుకుంటారు. పెద్ద యూనిట్లలో తొట్లకు బాయిలర్ నుంచి ఆవిరి అందుతుంది. ధర్మవరం చీరకు రంగు పట్టాలన్నా దారం ముందు సబ్బు, సోడా నీళ్లలో మరగాల్సిందే. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. కార్ల తయారీలోనూ రంగు వేసే ముందు బాడీని వేడినీళ్లతో కడుగుతారు.

ఈ వేడిని కాపలా కాసే మనిషి బాయిలర్ అటెండెంట్. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అతని ఎదురుగా రెండుంటాయి. ఒకటి ఒత్తిడి చూపే ముల్లు, రెండోది నీటిమట్టం చూపే గాజు గొట్టం. చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు ముల్లు మీదికే పోతాయి. తెలిసినవాడు మాత్రం గొట్టాన్నే చూస్తాడు. ఎందుకంటే మంట తగిలే ఇనుమును కాపాడేది నీళ్లే. మట్టం పడిపోతే ఇనుము ఎర్రగా కాలి మెత్తబడుతుంది. అప్పుడు రోజూ ఉండే ఒత్తిడికే పగిలిపోవచ్చు. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. షెడ్డు గోడలు అందుకు సరిపోతాయా?

అసలు చిక్కు ఇక్కడే. గొట్టంలో నీళ్లు కనిపించకపోతే కంగారులో ఎవరైనా ఏం చేస్తారు? పంపు వేస్తారు. అదే చేయకూడదు! కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరి లేస్తుంది. ముందు మంట ఆపాలి, బాయిలర్ దానంతట అది చల్లారే దాకా ఆగాలి. పని ఆగిపోయిందని యజమాని కసురుకున్నా సరే.

గొట్టం కూడా ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. దారి పూడుకుపోతే పాత మట్టమే చూపిస్తూ ఉంటుంది. అందుకే షిఫ్టు ఎక్కగానే దాని కుళాయిలు తిప్పి, నీళ్లు వదిలి చూడాలి. నీళ్లు తగ్గితే మోగే అలారాలు, మంట ఆపేసే స్విచ్చులు ఇప్పుడున్నాయి. కానీ ‘ఊరికే మోగుతోంది’ అని ఎవరో తీగ పీకేస్తే?

మన ప్రాంతంలో ఇంకో శత్రువు బోరు నీళ్లు. కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూశారుగా? బాయిలర్ గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. వేడి నీళ్లకు అందదు, కట్టెలు దండగ, ఇనుము మాత్రం కాలిపోతుంది. నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టి, అడుగు మడ్డిని ఎప్పటికప్పుడు వదిలెయ్యాలి.

ఇవన్నీ ప్రాణాలు పోయాక నేర్చుకున్నవే. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి పలువురు చనిపోయారు. మరుసటి ఏడే బెంగాల్లో తనిఖీల చట్టం వచ్చింది. దేశమంతటికీ 1923లో ఒక చట్టం తెచ్చారు. దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజుకు బాయిలర్ను చల్లార్చి, ఖాళీ చేసి, తెరిచి ఉంచాలి. లోపల తుప్పు, పగుళ్లు చూస్తారు. తర్వాత నిండా నీళ్లు నింపి, రోజువారీ కంటే ఎక్కువ ఒత్తిడి పెడతారు. ఆవిరితో ఎందుకు చేయరంటే, పగిలినా నీళ్లు కారతాయి తప్ప పేలవు!

మిగతా రోజుల్లో చూడాల్సింది సూపర్‌వైజరే. బల్ల మీద లాగ్ పుస్తకం ఉంటుంది. ఒత్తిడి, నీటిమట్టం గంటగంటకూ రాయాలి. అందులో ఎనిమిది గంటలకూ ఒకే అంకె, ఒకే సిరా, ఒకే వాలు కనిపించిందా... అది షిఫ్టు దిగే ముందు కూర్చుని ఒక్కసారే నింపిన పేజీ!