మస్కట్ బతుకు, సలాలా బతుకు: అంకెలు ఏం చెబుతున్నాయి?

కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల్లో గానీ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గానీ ఒమాన్‌కు వెళ్లినవాళ్లందరినీ మస్కట్ వెళ్లారనే అంటారు. కానీ వాళ్లలో కొందరి పని మస్కట్‌లో ఉండదు. అక్కడి నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు దక్షిణంగా, యెమెన్ సరిహద్దు వైపున్న సలాలాలో ఉంటుంది. బస్సులో పన్నెండు గంటల దారి, విమానంలో గంటన్నర పైచిలుకు. దేశం ఒకటే, రియాల్ ఒకటే, కార్మిక చట్టమూ ఒకటే. ఎండ, వాన, ఇరుగుపొరుగు మాత్రం వేరు. కష్టం వస్తే సాయం ఎంత దూరంలో దొరుకుతుందన్నది మరీ వేరు. వీసా కాగితం మీద ఊరి పేరు చూసుకోకుండానే సంతకం పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ లెక్కలు ముఖ్యంగా వాళ్ల కోసం.

పోటీ ఎక్కడ మొదలైంది?

పేరుకు రాజధాని మస్కటే అయినా, ఒకప్పుడు అధికారం సలాలాలో ఉండేది. సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ 1958లో సలాలా చేరాక, గద్దె దిగేదాకా మళ్లీ మస్కట్ ముఖం చూడలేదు. ఆయన కొడుకు ఖాబూస్ పుట్టింది సలాలాలోనే, 1940 నవంబరు 18న. 1970 జులై 23న తండ్రిని తప్పించి ఆయన అధికారం చేపట్టిందీ అక్కడే. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్నవి 3 బడులు, 10 కిలోమీటర్ల తారు రోడ్డు. ఖాబూస్ మస్కట్‌ను పాలనా కేంద్రంగా నిలబెట్టారు. 1965లో మొదలై పదేళ్ల పైన సాగిన ధోఫార్ తిరుగుబాటు చల్లారాక దక్షిణాదికీ రోడ్లు, ఆసుపత్రులు, రేవు వచ్చాయి. సలాలావాళ్లు తమది రెండో రాజధాని అని చెప్పుకోవడానికి వెనుక ఈ చరిత్ర ఉంది.

జనం ఎంత, జాగా ఎంత?

2020 జనగణన ప్రకారం ఒమాన్ జనాభా 44,71,148. అందులో మస్కట్ గవర్నరేట్‌లో 13,02,440 మంది, అంటే నూటికి 29 మంది, ఉన్నారు. ధోఫార్ గవర్నరేట్ మొత్తానికి 4,16,458 మంది. వాళ్లలో సలాలాలో ఉన్నవారు సుమారు 3.32 లక్షలు. అంటే ధోఫార్‌లో ప్రతి అయిదుగురిలో నలుగురు సలాలాలోనే ఉన్నారు.

మస్కట్ గవర్నరేట్‌లో ఆరు విలాయత్‌లు, అంటే పాలనా విభాగాలు, ఉన్నాయి: మస్కట్, మత్రా, బౌషర్, సీబ్, అమెరాత్, ఖురియాత్. వీటిలో ఒక్క సీబ్ జనాభాయే 4.7 లక్షలు, బౌషర్ జనాభా 3.8 లక్షలు. రాజధానిలోని ఈ రెండు ముక్కలూ దేనికదే సలాలా కంటే పెద్దవన్నమాట.

జాగా సంగతి తలకిందులు. ధోఫార్ విస్తీర్ణం 99,300 చదరపు కిలోమీటర్లు, దేశంలో దాదాపు మూడో వంతు. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు కాబట్టి రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం. కానీ 2011 లెక్కల్లో తెలంగాణలో చదరపు కిలోమీటరుకు 312 మంది ఉంటే, ధోఫార్‌లో నలుగురు. మస్కట్ గవర్నరేట్‌లో ఆ సంఖ్య 300 దాటుతుంది. సలాలా ఊరు దాటితే కొండలు, ఆ పైన ఎడారి, వందల కిలోమీటర్ల దాకా పెద్ద ఊరు తగలదు. ఉద్యోగం పోతే పక్క ఊళ్లో చూసుకుందామనుకునే వీలు సలాలాలో తక్కువ. ఈ కథనం చివర్లో మళ్లీ ఈ విషయం దగ్గరికే వస్తాం.

ఎవరి పక్కన ఎవరు?

దేశం మొత్తంలో 2020 నాటికి విదేశీయులు 38.9 శాతం. మస్కట్‌లో సగం కంటే బాగా ఎక్కువ, ధోఫార్‌లో సగానికి అటూ ఇటూ. బంగ్లాదేశీయులు, భారతీయులు, పాకిస్తానీయులు పెద్ద వర్గాలు. భారతీయులు ఆరేడు లక్షల మంది ఉంటారు.

అయితే వైవిధ్యం వలస వచ్చినవాళ్లతో మొదలు కాలేదు. మస్కట్‌లో ఒమానీలే రకరకాల భాషలవాళ్లు. గ్వాదర్ రేవు 1958 దాకా ఒమాన్ చేతిలో ఉండేది, ఆ బంధంతో వచ్చిన బలూచీలు ఉన్నారు. 19వ శతాబ్దంలో సుల్తాన్ సయ్యద్ సయీద్ తన రాజధానినే జాంజిబార్‌కు మార్చారు. ఆ తూర్పు ఆఫ్రికా బంధం వల్ల ఇంట్లో స్వాహిలీ మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మత్రా తీరంలో లవాతీయుల పాత పేట ఉంది. కచ్ నుంచి వచ్చిన ఖిమ్జీ రామ్‌దాస్ కుటుంబం 1870 నుంచి ఇక్కడ వ్యాపారం చేస్తోంది. ఆ కుటుంబానికి చెందిన కనక్‌సీ ఖిమ్జీకి సుల్తాన్ ఖాబూస్ షేక్ హోదా ఇచ్చారు. ఆయన 2021లో కన్నుమూశారు. పాత మస్కట్‌లో రాజప్రాసాదానికి కూతవేటు దూరంలో శివాలయం ఉంది, దార్సైత్‌లో కృష్ణ మందిరం ఉంది.

సలాలా వైవిధ్యం వేరే తరహా. కొండల్లో పశువులు మేపుకునే జబ్బాలీలు శహ్రీ భాష మాట్లాడతారు, ఎడారి వైపు మెహ్రీ వినిపిస్తుంది. ఇవి అరబ్బీ యాసలు కావు, వాటికి వేరైన ఆధునిక దక్షిణ అరేబియా భాషలు. మస్కట్‌లో నేర్చుకున్న అరబ్బీతో సలాలా కొండల్లో ఇద్దరు మాట్లాడుకునేది అర్థం కాదు. భారతీయులలో మలయాళీలదే పైచేయి. సలాలాలోని ఒక సమాధి మతం మారిన చేర రాజు చేరమాన్ పెరుమాళ్‌దని కేరళ సంప్రదాయం చెబుతుంది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పేరిట కేథలిక్ చర్చి ఉంది.

తెలుగువాళ్లకు తేడా సంఖ్యాబలంలో తెలుస్తుంది. మస్కట్‌లో ఇండియన్ సోషల్ క్లబ్‌కు తెలుగు విభాగం ఉంది, తెలుగు కళా సమితి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి వేదిక, వంట, పిల్లల పాటలు అన్నీ కుదురుతాయి. మస్కట్‌లోని రువీలో సెలవు సాయంత్రం బస్టాండు చుట్టుపక్కల నిలబడితే చాలు, డబ్బు పంపే ఎక్స్ఛేంజీల ముందు వరుసల్లో హిందీ, బెంగాలీ, మలయాళాల మధ్య తెలుగు కూడా చెవిన పడుతుంది. సలాలాలో తెలుగు గుంపు చిన్నది. పలకరింపులు ఆత్మీయంగానే ఉంటాయి, కానీ పని గురించి కబురు చెప్పేవాళ్లు కొద్దిమందే.

ఎండకు ఒక లెక్క, వానకు ఒక లెక్క

ఇక్కడ సలాలాదే గెలుపు, అదీ పెద్ద తేడాతో. జూన్‌లో మస్కట్ పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. మస్కట్ గవర్నరేట్‌లోనే ఉన్న ఖురియాత్‌లో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలు. రాత్రి కూడా అంతకంటే కిందికి దిగలేదు. కనిష్ఠ ఉష్ణోగ్రత అంత ఎక్కువగా ఉండటం ప్రపంచంలోనే రికార్డు. అదే వేసవిలో, జులై ఆగస్టుల్లో, సలాలా పగటి వేడి 27, 28 డిగ్రీల దగ్గర ఆగుతుంది.

దీనికి కారణం మన పొలాలకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనమే. ఆ గాలి ధోఫార్ తీరం వెంట వీచేటప్పుడు పైనీరు పక్కకు జరిగి, లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి పొగమంచవుతుంది. వెనుకనున్న కొండలు దాన్ని ముందుకు పోనివ్వవు, పైనున్న వేడిగాలి పైకి లేవనివ్వదు. ఫలితం మూడు నెలల తుంపర. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా సాగే ఈ కాలాన్ని ఖరీఫ్ అంటారు. చెట్ల ఆకులు పొగమంచును పట్టి నేలకు జారుస్తాయి, ఆ నీరే కొండ కింద మైదానంలో ఊటలవుతుంది. అందుకే సలాలా రోడ్ల పక్కన తాటాకు కప్పిన కొట్ల వరుసల్లో కొబ్బరి బోండాలు, అరటి గెలలు, బొప్పాయిలు వేలాడుతుంటాయి. బోండాం కొట్టి ఇచ్చే మనిషి చాలాసార్లు కేరళవాడో బంగ్లాదేశ్‌వాడో అయి ఉంటాడు. కోనసీమవాడు అక్కడ దిగితే సొంత గడ్డ మీద కాలు పెట్టినట్టే ఉంటుంది.

ఖరీఫ్ చూడటానికి 2024లో వచ్చినవారు 10 లక్షలు దాటారు. మూడు లక్షల చిల్లర జనం ఉన్న ఊరికి మూడు నెలల్లో అంతకు మూడింతల అతిథులు. హోటళ్లకు, దుకాణాలకు పండగే. అద్దెకుండేవాళ్లకు మాత్రం ఇళ్లు దొరకడం కష్టమవుతుంది. పర్యాటకుల కోసం తీసుకునే తాత్కాలిక ఉద్యోగం సెప్టెంబరు దాటాక ఉంటుందా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

తుపాను రెండు ఊళ్లనూ వదలలేదు. 2007 జూన్‌లో గోను మస్కట్ వైపు తీరాన్ని ముంచింది, దేశంలో సుమారు 50 మంది చనిపోయారు. 2018 మే 25న మెకును సలాలా పక్కనే తీరం దాటి, ఏళ్ల తరబడి కురవాల్సిన వానను కొద్ది రోజుల్లో కుమ్మరించింది. పొడి వాగుల్లో గుడారాలు, వాహనాలు పెట్టకూడదన్న జాగ్రత్త రెండుచోట్లా ఒకటే.

మేస్త్రీకి, కూలీకి మరో అంకె ముఖ్యం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టం. మస్కట్ ఎండలో ఆ మూడు గంటలు ప్రాణం కాపాడతాయి. యజమాని ఇవ్వకపోతే అడిగే హక్కు కార్మికుడికి ఉంది.

పని, పైసా, కుటుంబం

మత్రాలోని సుల్తాన్ ఖాబూస్ రేవు నుంచి సరుకు రవాణాను 2014లో సొహార్ రేవుకు తరలించారు. ఇప్పుడది విహార నౌకల రేవు. మస్కట్ ఉద్యోగాలు ప్రభుత్వ కార్యాలయాలు, నిర్మాణం, ఆసుపత్రులు, బ్యాంకులు, దుకాణాలు, ఇళ్ల చుట్టూ పరుచుకున్నాయి. సలాలాకు మాత్రం 1998లో మొదలైన కంటైనర్ రేవే వెన్నెముక. ఏటా 30 లక్షలకు పైగా కంటైనర్ యూనిట్లు చేతులు మారతాయి. పక్కన 2006లో వచ్చిన ఫ్రీజోన్‌లో కర్మాగారాలున్నాయి. రేవు, కర్మాగారం పని చేతనైనవాడికి సలాలా మంచి చోటు. పలు పనులు చేయగలిగి, మెరుగైనది వెతుక్కోవాలనుకునేవాడికి మస్కట్ విశాలం.

రియాల్ 1986 నుంచి 2.60 డాలర్ల దగ్గర స్థిరంగా ఉంది. నెల జీతంలో 10 రియాళ్ల తేడా అంటే రెండేళ్ల ఒప్పందంలో 240 రియాళ్లు, అంటే 624 డాలర్లు. మన డబ్బులో 50 వేలకు పైమాటే. జీతం సమానమైతే, మన ఊరి నుంచి సలాలా వెళ్లేవాళ్లలో చాలామందికి మస్కట్‌లో విమానం మారే ఖర్చు అదనం. ఆ టికెట్ ఎవరు పెట్టుకుంటారో ఒప్పందంలో రాయించుకోవాలి.

భార్యాపిల్లలను తెచ్చుకోవడానికి ఒకప్పుడు 600 రియాళ్ల జీతం ఉండాలి. ఆ హద్దును దశలవారీగా తగ్గిస్తూ 2023లో 150కి దించారు. వీసా దొరకడం తేలికైంది, ఇక ప్రశ్న బడిది. ఇండియన్ స్కూల్ మస్కట్ 1975లో మొదలైంది. రాజధాని ప్రాంతంలో దార్సైత్, వాదీ కబీర్, గుబ్రా, సీబ్, మాబేలా, బౌషర్‌లలోనూ భారతీయ పాఠశాలలున్నాయి. సలాలాకు 1981లో వచ్చిన ఇండియన్ స్కూల్ సలాలా ఉంది. పెద్ద చదువులకు మస్కట్‌లో 1986 నాటి సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం, సలాలాలో 2004 నాటి ధోఫార్ విశ్వవిద్యాలయం. రోడ్డు మీద గడిచే సమయం దగ్గర సలాలా మేలు. మస్కట్ కొండకూ సముద్రానికీ మధ్య యాభై కిలోమీటర్ల పైన సాగిన ఊరు, మెట్రో లేదు, బస్సులున్నా సొంత కారు లేకపోతే ఇబ్బందే.

తేల్చే అంకె

పాత పద్ధతిలో యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వకపోతే కార్మికుడు దేశం వదలాలి, రెండేళ్ల దాకా తిరిగి రాకూడదు. 2021 జనవరి నుంచి ఆ బంధం సడలింది. ఒప్పందం గడువు తీరితే ఆ పత్రం లేకుండానే మరో యజమాని దగ్గర చేరవచ్చు. 2023 నాటి కొత్త కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటల పనిని హద్దుగా పెట్టింది. హక్కు వచ్చాక ఊరి పరిమాణానికి విలువ పెరిగింది. పక్క వీధిలో ఇంకో యజమాని ఉన్నవాడే జీతం పెంచమని ధైర్యంగా అడగగలడు. పదమూడు లక్షల జనం ఉన్న మస్కట్‌లో ఆ ధైర్యానికి ఆధారం ఉంది, సలాలాలో తక్కువ. భారత రాయబార కార్యాలయం మస్కట్‌లోనే ఉంది. సలాలాలో గౌరవ కాన్సులర్ ప్రతినిధి ఉన్నా, పెద్ద చిక్కు వస్తే వెయ్యి కిలోమీటర్ల దూరం అడ్డుపడుతుంది. జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక ఖల్లివెల్లి అయిన, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉంటున్న, మనిషికి ఆ దూరం మరీ భారం.

ఇంటిపనికి వెళ్లే మన ఆడవాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం. వాళ్లు ఆ కార్మిక చట్టం పరిధిలోకి రారు, వాళ్లకు నిబంధనలు వేరు. ఊరు చల్లగా ఉందా అన్నది వాళ్ల విషయంలో రెండో మాట. ఇంటి చిరునామా, ఫోను, కుటుంబానికి తెలిసిన ఒక తెలుగు మనిషి నెంబరు ముందు కావాలి.

కాబట్టి నైపుణ్యం, రాతపూర్వకమైన మంచి ఒప్పందం, చిన్న పిల్లలు ఉన్న కుటుంబానికి సలాలా హాయినిస్తుంది. గాలి చల్లన, దూరాలు తక్కువ, పండ్లకు కొదవ లేదు. అప్పు చేసి, మొదటిసారి, ఏజెంటు మాట మీద వెళ్లేవాడికి మస్కట్ క్షేమం. ఏజెంటును అడగాల్సినవి నాలుగు: పని ఏ విలాయత్‌లో? ఒప్పందం ఎన్నేళ్లు? లోపలి విమానం టికెట్ ఎవరిది? ఆ ఊళ్లో నా పని చేయించుకునే కంపెనీలు ఇంకా ఉన్నాయా? చివరి ప్రశ్నకు జవాబు లేదంటే జీతం అంకె ఎంత పెద్దదైనా సంతకం పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించాలి.