అరకులో ఎండాకాలం... ఔరా అనిపించే విశేషాలు!

30 డిగ్రీలకే వడగాలి లెక్క మొదలయ్యే చోట్లు ఉన్నాయని మీకు తెలుసా? భారత వాతావరణ శాఖ పెట్టుకున్న గీత మైదానాలకు 40 డిగ్రీలు, కోస్తాకు 37, కొండ ప్రాంతాలకు 30! దాంతోపాటు మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలనుకోండి. మే నెలలో బెజవాడ వాళ్లకు 30 డిగ్రీలు చూపించి 'ఇది వడగాలి' అని చెప్పి చూడండి. దండ వేసి ఊరేగిస్తారు!

కొండెక్కితే ఎండలో రాయితీ ఇస్తారు, మీకు తెలుసా? సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గింపు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి దాదాపు ఆరు డిగ్రీలు మాఫీ. అదే అల్లూరి సీతారామరాజు జిల్లాలో 1,680 మీటర్ల అర్మకొండ ఎక్కారంటే పదకొండు డిగ్రీల దాకా మాఫీ. దరఖాస్తు అక్కర్లేదు, ఆధార్ కార్డు అసలే అక్కర్లేదు!

మరి ఆ చల్లగాలిని కిందికి దించుకుంటే పోలా? పోదు! కొండ దిగే గాలి దారిలోనే వేడెక్కిపోతుందని మీకు తెలుసా? పొడిగాలి కిందికి దిగేకొద్దీ కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. సైకిల్ పంపు గబగబా కొడితే కింది కొస చుర్రుమంటుందే, అదే కిటుకు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మే నెలలో పడమటి గాలి తూర్పు కనుమలు దాటి కోస్తా మీదికి దిగిందా, ఆ పూట సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేకపోయిందా, ఇక విశాఖ, కాకినాడ ఉడికిపోవాల్సిందే. కొండలు చల్లదనాన్ని అక్కడే కూర్చుని తినమంటాయి. పార్శిల్ కట్టవు!

ఒకే ఉష్ణోగ్రత, రెండు రకాల బాధ. ఎలాగో చెప్పుకోండి చూద్దాం? 32 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 40 శాతమే ఉంటే ఒంటికి 33 లాగా ఉంటుంది. అదే 32లో తేమ 70 శాతం ఉంటే 41 లాగా! చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. సముద్రపు ఒడ్డున అది ఆరదు, చొక్కాకు అంటుకుని కూర్చుంటుంది. థర్మామీటరుకు చెమట పట్టదు కదా, దానికేం తెలుసు మన ఉక్కపోత!

ఇంకో చిన్న లెక్క. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదని మీకు తెలుసా? ఆ మోత ఎవరి నెత్తిన పడుతుందో వైజాగ్ వాళ్లను అడగండి!

అరకులో మీ నీడ మాయమయ్యే రోజు ఒకటుంది, తెలుసా? ఒకటి కాదు, రెండు! మే 12, 13 తేదీల ప్రాంతంలో ఒకసారి, జులై నెలాఖరులో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు పక్కన నీడ పడదు. మే నెలలో ఆ వింత చూడాలంటే పన్నెండు కొట్టడానికి ఓ ఐదు నిమిషాల ముందే సిద్ధంగా ఉండండి. ఎండ ముదిరిన రోజునే నీడ సెలవు పెడుతుందన్నమాట. ఏం టైమింగు!

ఎండాకాలంలో సూర్యుడు మనకు దగ్గరగా వస్తాడనుకుంటున్నారా? తప్పులో కాలేశారు! భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. లంబసింగిలో జనం మంట చుట్టూ మూగి వణికేది సరిగ్గా అప్పుడే! జులైలో ఆ దూరం 15.2 కోట్ల కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు చలి, దూరంగా ఉన్నప్పుడు వేడి. కిరణాలు నిలువుగా పడుతున్నాయా, ఏటవాలుగా పడుతున్నాయా అన్నదే అసలు సంగతి.

లోయ అడుగు కంటే కొండ వాలు వెచ్చగా ఉంటుందంటే నమ్ముతారా? గాలి కదలని తేటరాత్రుల్లో జరిగేది అదే. చల్లబడిన గాలి బరువెక్కి వాలు మీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. తెల్లారేసరికి కింద పొగమంచు, పైన ఎండ. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద జనం ఫొటోలు దిగే మబ్బుల సముద్రం వెనక ఉన్నది ఈ జారుడుబల్ల ఆటే. దానికి చలికాలమే అసలు సీజను. మేలో వెళ్లి 'మబ్బులేవీ?' అని స్థానికులను నిలదీయకండి, పాపం!

అరకులో నీళ్లు 100 డిగ్రీలకు మరగవని మీకు తెలుసా? 97 దగ్గరే కుతకుతలాడేస్తాయి. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది మరి. అన్నం ఉడకడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. అయితే లాభం కూడా ఉంది. అక్కడ కాఫీ నాలుక కాల్చేది మూడు డిగ్రీలు తక్కువ!

విశాఖలో కొన్న చిప్స్ ప్యాకెట్ అరకు చేరేసరికి బూరెలా ఉబ్బుతుంది, గమనించారా? బయటి గాలి ఒత్తిడి పదో వంతు తగ్గింది, లోపలి గాలి విప్పారింది. మురిసిపోకండి. పెరిగింది గాలే, చిప్స్ కాదు!

విశాఖ నుంచి అరకు రైలు దారిలో పదుల కొద్దీ సొరంగాలున్నాయని మీకు తెలుసా? అంటే ఎండాకాలం ప్రయాణంలో అన్నిసార్లు ఉచిత నీడ, పిల్లల కేకలు అన్నిసార్లూ అదనం. సముద్రపు ఒడ్డున బయల్దేరిన ఆ రైలు శిమిలిగూడ స్టేషన్‌లో 996 మీటర్ల ఎత్తు ఎక్కేస్తుంది. 2017 ఏప్రిల్‌లో ఈ దారికి అద్దాల పైకప్పు బోగీ కూడా వచ్చింది. ఏప్రిల్‌లో, అద్దాల పైకప్పు! ఏసీ పెట్టారు కాబట్టి బతికిపోయాం.

బొర్రా గుహల్లోకి రుతువులకు ప్రవేశం లేదని తెలుసా? లోతైన గుహలో ఏడాది పొడవునా వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. బయట ఏడాది సగటు ఎంతో లోపల ఇంచుమించు అంతే. మే నెల టికెట్ కొనుక్కుని లోపలికెళ్లినా ఎండ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ గుహల్లోంచి పారే గోస్తనీ నదే కిందికొచ్చి తాటిపూడి జలాశయం నింపుతుంది, విశాఖ దాహం తీరుస్తుంది. అక్కడి చల్లదనం కుళాయి దాకా రాకపోవడం వేరే బాధ!

అరకు కాఫీ రైతుల ఏడాది ఆదాయం మార్చి, ఏప్రిల్‌లలో పడే ఒకటి రెండు వానల మీద ఉంటుందని మీకు తెలుసా? ఎండలకు కాఫీ మొగ్గలు కుంభకర్ణుడిలా నిద్రపోతుంటాయి. ఒక్క మంచి వాన పడిందా, లేచి కూర్చుంటాయి! ఓ వారం పది రోజుల్లో తోటంతా తెల్లగా విచ్చుకుంటుంది. మల్లెల వాసన! ఆ పూల వైభవం రెండు మూడు రోజులే. ఆ తర్వాత కొన్ని వారాలకు ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. వాన ఆలస్యమైందో, అరకొరగా పడిందో, చలికాలంలో పండు తగ్గిపోతుంది. ఏప్రిల్‌లో ఉరుము వినగానే మైదానంలో మామిడి రైతు గుండె జారిపోతే, కొండ మీద కాఫీ రైతు మొహం వెలిగిపోతుంది. దేవుడు ఎవరి మొర ఆలకించాలో ఆయనకే తెలియాలి!

ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారని, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నారా? పారిస్‌లో కప్పు పట్టుకున్న పెద్దమనిషికి, అనంతగిరి మీద ఏప్రిల్‌లో ఉరిమిన మబ్బుకు దగ్గరి చుట్టరికం ఉంది. పాపం, ఇద్దరికీ పరిచయం లేదు!

అరకు కాఫీ మొక్క గొడుగు కింద పెరుగుతుంది, తెలుసా? అరబికాకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి. అందుకే సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచుతారు. ఆ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. కాఫీకి నీడ, రైతుకు మిరియాలు, జలుబు చేస్తే కషాయం. ఇంకేం కావాలి!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజు, 13 గంటల్లో, 36,749 పిడుగులు నమోదయ్యాయని మీకు తెలుసా? తేదీ 2018 ఏప్రిల్ 24. నిమిషానికి 47! అంతకు ముందు ఏడాది మే నెల మొత్తానికీ లెక్క 30,000. నెల కోటాను ఆకాశం ఒక్క పూటలో ఖర్చు పెట్టేసింది!

పిడుగు దారిలో గాలి ఎంత వేడెక్కుతుందో ఊహించండి. 30,000 డిగ్రీలు! సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కానీ, ఈ దెబ్బకు రోలేమిటి, రోకలేమిటి!

మెరుపు చూశాక ఒకటి, రెండు, మూడు... అని సెకన్లు లెక్కపెట్టారా ఎప్పుడైనా? ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ఉరుము వినిపించిందంటేనే మీరు పిడుగు పడే పరిధిలో ఉన్నట్టు. 'దామిని' యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే ఫోన్‌లో హెచ్చరిస్తుంది. ఇక్కడ మాత్రం నవ్వులు పక్కన పెడదాం. మేకలు మేపుకునే వాళ్లయినా, చింతపండు మూటతో సంత నుంచి వచ్చే వాళ్లయినా చెట్టు కింద నిలబడొద్దు, పక్కా ఇంట్లోకి పోవాలి.

కొండల మీద ఎండాకాలపు వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే ఎందుకు వస్తుందో తెలుసా? పొద్దుట ఎండ వాలును వేడెక్కిస్తుంది, వేడిగాలి పైకి లేస్తుంది, సముద్రం వైపు తేమ దాని వెంట కొండెక్కుతుంది. భోజనాల వేళకు మబ్బు, టీ వేళకు వాన!

వార్తల్లో 'ఒకటి రెండు చోట్ల వర్షాలు' అంటారే, ఆ ఒకటి రెండు అంటే ఎన్నో మీకు తెలుసా? వంద వర్షమాపక కేంద్రాలుంటే పాతిక దాకా! 26 నుంచి 50 అయితే 'కొన్ని చోట్ల', 51 నుంచి 75 అయితే 'అనేక చోట్ల', ఆ పైన అయితే దాదాపు అన్ని చోట్లా. అరకులో కుండపోత కురిసి, పక్క డుంబ్రిగూడలో చుక్క పడకపోయినా జోస్యం నిజమైనట్టే. 'వాతావరణం వాళ్లు మళ్లీ తప్పారు' అని తిట్టే ముందు ఈ పాతిక గుర్తుంచుకోండి. ఒకటి రెండు అంటే పాతికా అని మాత్రం లెక్కల మాస్టారిని అడగకండి!

'భారీ వర్షం' అనిపించుకోవాలంటే వాన ఎంత కురవాలి? 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు. 64.4 అయితే? సారీ, ఒక్క మార్కులో పోయినట్టే!

ఒక్క మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరానికి? నాలుగు వేల లీటర్ల పైనే! ట్యాంకర్ అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు.

నిరుడు కొండల మీద కురిసిన వాన ఈ మేలో మీ ఇంటి ఫ్యాన్ తిప్పుతుండవచ్చని తెలుసా? 1955 నుంచి నడుస్తున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 120 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. రెండూ ఈ కొండల నీళ్ల పుణ్యమే. కరెంటు బిల్లులో మబ్బుకు వాటా ఇవ్వడం లేదు, అదృష్టం!

చైత్రమాసంలో ఏజెన్సీ రోడ్డు మీద అడ్డంగా కర్ర కనిపిస్తే అది ఏమిటో తెలుసా? ఇటుకల పండుగ! విత్తనాలకు పూజలు, మగవాళ్ల వేట, థింసా ఆటలు. ఆడవాళ్లు దారికి అడ్డుకట్టి, పాట పాడి, వచ్చే పోయే బళ్లను ఆపి పండుగ కానుక అడుగుతారు. ఇక్కడ ఫాస్టాగ్ పనిచేయదు. చిల్లర దగ్గర పెట్టుకోండి!

అరకు వాతావరణం యుద్ధానికి కూడా పనికొచ్చిందని మీకు తెలుసా? పద్మాపురం తోట 1942లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి! ఇప్పుడు అక్కడికి దండెత్తేది పర్యాటకులే.

తుపాను బంగారు రథం తెచ్చిపెడుతుందా? తెచ్చింది! 2022 మే నెలలో ఆసని తుపాను అలలకు శ్రీకాకుళం జిల్లా సున్నపల్లి ఒడ్డుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. ఆగ్నేయాసియా గుడి లాంటి రూపం! ఊరంతా తాళ్లు కట్టి లాగారు. వాతావరణ సూచనలో రథం ప్రస్తావనే లేదు!

ఉష్ణోగ్రతను ఎండలో కొలవరని మీకు తెలుసా? చెక్క పలకల సందుల్లోంచి గాలి ఆడే తెల్ల పెట్టెలో, నీడలో కొలుస్తారు. ఆ పెట్టె కనిపెట్టిన థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీరు. ఆయన కొడుకు ఎవరో తెలుసా? 'ట్రెజర్ ఐలాండ్' రాసిన ఆర్.ఎల్. స్టీవెన్సన్! తండ్రి పెట్టెలో థర్మామీటరు, కొడుకు పెట్టెలో నిధి.

విశాఖలో ఓ తెలుగాయన సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు, విన్నారా? గోడె వెంకట జగ్గారావు, 1840లో! భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే శాఖ కంటే మన జగ్గారావుగారి వేధశాల 35 ఏళ్లు పెద్దది! తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు, వాతావరణం లెక్కలూ రాసిపెట్టారు. మామగారు దుర్భిణి ఇస్తే అల్లుడు ఆకాశం చూశారు. కట్నాల చరిత్రలో ఇదో రికార్డు!

కీచురాయి థర్మామీటరు చూశారా? కొన్ని కీచురాళ్లు వేడి పెరిగేకొద్దీ గబగబా అరుస్తాయి. 1897లో అమెరికాలో డాల్‌బేర్ అనే ఆయన దీనికో సూత్రమే రాశారు. ఇంచుమించుగా 8 సెకన్లలో అరుపులు లెక్కపెట్టి 5 కలపండి, సెల్సియస్ డిగ్రీలు వచ్చేస్తాయి. అది అక్కడి కీచురాయి లెక్క సుమా. అరకు కీచురాళ్లు ఆ ఒప్పందం మీద ఇంకా సంతకం చేయలేదు!

చివరిగా ఒక్కటి. వాన లెక్కల్లో రోజు అర్ధరాత్రి మారదని మీకు తెలుసా? పొద్దున ఎనిమిదిన్నరకు మారుతుంది! అప్పటిదాకా గడిచిన 24 గంటల వానంతా ఆ పూట ఖాతాలోకే. ఆదివారం సాయంత్రం అరకు రోడ్డు పక్కన మీ పకోడీలు తడిపేసిన వాన రికార్డుల్లో సోమవారం పడినట్టు ఉంటుంది. ఆఫీసు ఎగ్గొట్టడానికి ఇంతకు మించిన సాక్ష్యం దొరుకుతుందా!